చదువాట పథకం

క్రీడల మంత్రిగారు ప్రపంచానికి ఒక కొత్త మాట ప్రసాదించారు. ఆ మాట "చదువాట". విలేఖరుల సమావేశంలో ఆయన దాన్ని మూడుసార్లు పలికారు. మూడోసారి ఆయన కళ్లే చెమర్చాయి. చదువు వేరు, ఆట వేరు అనుకున్న పాత తరాల అజ్ఞానానికి ఈ రోజుతో తెర పడిందని, ప్రభుత్వ ఫుట్‌బాల్ క్లబ్బులో కొత్తగా చేరిన పదకొండు మంది ఆడపిల్లలు జీతం తీసుకుంటూ ప్రొఫెషనల్‌గా ఆడుతూనే పన్నెండో తరగతి పూర్తి చేస్తారని, వాళ్ల ఒక కాలు మైదానంలోనూ ఒక కాలు క్లాసులోనూ ఉంటుందని ప్రకటించారు. రెండు కాళ్లూ చెరో చోట ఉంటే పరుగెత్తడం ఎలాగండీ అని ఒక విలేఖరి అడిగాడు. మంత్రిగారు అతని వైపు జాలిగా చూసి, తరవాతి ప్రశ్న అన్నారు. మర్నాడు ఒక పత్రికలో దీర్ఘం ఎగిరిపోయి "మంత్రి కొత్త పథకం: చదువట" అని పడింది. ఆ మర్నాడు అదే పత్రిక సవరణ వేసి, క్షమాపణ కూడా చెప్పుకుంది.

చదువు వైపు బాధ్యత ఒక ప్రభుత్వ పాఠశాల లెక్కల టీచర్ మీద పడింది. ఆవిడది ఇరవై రెండేళ్ల సర్వీసు. ఆర్డరు కాగితం మీద ఏది అచ్చయితే అది జరిగి తీరుతుందని నమ్మే మనిషి. ఆవిణ్ని పాఠశాల నుంచి రిలీవ్ చేసి, "విద్యా సమన్వయాధికారి" అన్న హోదాతో క్లబ్బుకు పంపుతున్నట్టు ఆర్డరు వచ్చింది. ఫుట్‌బాల్ గురించి నీకేం తెలుసని భర్త అడిగితే, "గుండ్రంగా ఉంటుంది. వ్యాసార్థం తెలిస్తే మిగతావన్నీ వస్తాయి" అని సంచీ సర్దుకుంది.

ప్రారంభోత్సవం మైదానం నడిమధ్య జరిగింది. గడ్డి మీద పదకొండు బెంచీలు వేశారు. గోల్ ముందు నల్లబల్ల నిలబెట్టారు. మంత్రిగారు బంతిని తన్ని, అది నల్లబల్లకు తగిలేలా చెయ్యాలని ఏర్పాటు. ఆయన నాలుగడుగుల దూరం నుంచి మొదటిసారి తన్నినప్పుడు బంతి మైకు వైపు వెళ్లింది. రెండోసారి ఆయన చెప్పు వెళ్లింది, బంతి ఆగిపోయింది. మూడోసారి సరిగ్గా నల్లబల్ల వైపే వెళ్తుంటే, పక్కన నిలబడ్డ గోల్‌కీపర్ అలవాటు కొద్దీ ఎగిరి పట్టేసింది. మంత్రిగారి పి.ఏ. ఆ పిల్లను పక్కకు పిలిచి, ప్రజలు ఎన్నుకున్న మనిషి కొట్టిన బంతిని అలా ఆపడం మంచి సంప్రదాయం కాదని నెమ్మదిగా నచ్చజెప్పాడు. అయిదోసారికి బంతి బల్లను తాకింది. పట్టుదలంటే అలా ఉండాలని మర్నాటి పత్రికలన్నీ రాశాయి.

ఆ గోల్‌కీపర్‌ను జట్టులో అందరూ "తాళం" అని పిలిచేవారు. ఆమె నిలబడ్డాక గోల్ తెరుచుకోదని. పదిహేడేళ్లు. బట్టలు ఇస్త్రీ చేసే అమ్మమ్మ పెంచిన పిల్ల. మాటలు తక్కువ. లెక్కల టీచర్‌కు ఆ పిల్ల మొదటి రోజే నచ్చింది, ఎందుకంటే పదకొండు మందిలోనూ పెన్ను తెచ్చుకున్నది ఆమె ఒక్కతే.

క్లాసు గది స్టేడియం మెట్ల కింద ఇచ్చారు. అంతకుముందు అది చిరిగిన వలలు, విరిగిన కుర్చీలు పడేసే గది. "విద్యా విభాగం" అన్న ఇత్తడి బోర్డు ప్రారంభోత్సవం నాడే వచ్చింది. బల్బు మాత్రం రెండు నెలలకు వచ్చింది. పైన మెట్ల మీద ఎవరైనా నడిస్తే కింద లెక్కల పుస్తకం మీద సున్నం రాలేది. ఇక టైమ్‌టేబుల్ ఉంది చూశారూ, దాన్ని శాఖవారు మూడు రంగుల్లో వేయించి, అద్దం కట్టి పంపారు. పొద్దున ప్రాక్టీసు, మధ్యాహ్నం దాకా క్లాసు, సాయంత్రం మళ్లీ ప్రాక్టీసు. చివర సన్నటి గడి ఒకటి, దాని పేరు "ఇతరములు".

ఆ సన్నటి గడే మిగతా గడులన్నిటినీ మింగేసింది. మంత్రిగారు ఫ్లైఓవర్ ప్రారంభిస్తే పిల్లలు అక్కడ జెర్సీలతో నిలబడాలి. చెప్పుల దుకాణం ప్రారంభిస్తే అక్కడ నిలబడాలి. కోల్డ్ స్టోరేజీ ప్రారంభించిన రోజు లోపలే నలభై నిమిషాలు నిలబడితే ఇద్దరికి జ్వరం వచ్చింది. ఎక్కడ నిలబడ్డా ఒక చేతిలో బంతి, ఒక చేతిలో పుస్తకం ఉండాలి. పాఠ్యపుస్తకాలు ఇంకా రాలేదు కానీ, ఈ పుస్తకాలు మాత్రం తళతళలాడే అట్టలతో సిద్ధంగా ఉండేవి. టీచర్ ఒకటి తెరిచి చూసింది. లోపల పాత టెలిఫోన్ డైరెక్టరీ. పిల్లలకు అసలు పుస్తకాలు ఎప్పుడిస్తారని పి.ఏ.ను అడిగితే, ముందు వీటిని మరకలు పడకుండా తిరిగి అప్పగించమనండి మేడమ్ అన్నాడు.

మొదట్లో కోచ్‌కూ లెక్కల టీచర్‌కూ పడేది కాదు. నా పిల్లల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి కాళ్లు చెడగొడుతున్నారని ఆయన, నా పిల్లల్ని ఎండలో పరిగెత్తించి బుర్రలు మాడ్చేస్తున్నారని ఆవిడ. నెల తిరిగేసరికి ఇద్దరికీ అర్థమైంది, పిల్లలు ఇద్దరి దగ్గరా లేరని. ఆ తరవాత రాజీకి వచ్చారు. ఒక ఫంక్షన్ నుంచి ఇంకో ఫంక్షన్‌కు వెళ్లే బస్సులో టీచర్ పాఠం చెప్పేది. బస్సు ఆగగానే ఫంక్షన్ హాలు వెనక కార్లు నిలిపే చోట కోచ్ పాసులు వేయించేవాడు. కారు అద్దాలు రెండు పగిలాయి. సంభావ్యత మీద అధ్యాయం ఒకటి పూర్తయింది. ఆ సంవత్సరం జరిగిన చదువంతా, ఆటంతా దాదాపు అంతే.

ఒక రోజు బస్సు స్టేడియం గేటు దాటుతుంటే, తాళం పక్కకు జరిగి టీచర్‌కు చోటిచ్చి, గేటు దగ్గర టికెట్లు చింపే ఆవిణ్ని చూపించింది. ఒకప్పుడు ఆవిడే ఈ జట్టుకు కెప్టెన్ అట. పంతొమ్మిదో ఏట మోకాలు పోయింది. పన్నెండో తరగతి కాలేదు కాబట్టి ఆటల టీచర్ ఉద్యోగానికి దరఖాస్తు కూడా పెట్టుకోలేకపోయింది.

"అక్క మోకాలు పోయిందని ఏడవదు మేడమ్. ఆ ఒక్క పరీక్ష రాసుంటే బాగుండేదని ఏడుస్తుంది" అంది తాళం. "నేను రాస్తాను."

 బస్సు దిగేటప్పుడు టీచర్ మిగతా పదిమందికి ఇచ్చిన లెక్కలు కాకుండా, తాళానికి ఇంకో నాలుగు ఎక్కువ ఇచ్చింది.

అసలు చిక్కు వార్షిక పరీక్షలప్పుడు వచ్చింది. లెక్కల పరీక్షా, లీగ్ ఫైనలూ ఒకే రోజు పడ్డాయి. పరీక్ష పదింటి నుంచి ఒంటి గంట దాకా. టీవీవాళ్లకు ఆ వేళే ఖాళీ ఉందని మ్యాచ్ పదకొండింటికి పెట్టారు. ఓడుతూ ఓడుతూ వచ్చిన జట్టు ఫైనల్‌కు ఎలా చేరిందని అడగకండి. ఆతిథ్యమిచ్చే జట్టు నేరుగా ఫైనల్ ఆడాలని ఆ ఏడే నిబంధన సవరించారు.

లెక్కల టీచర్ మూడు వినతిపత్రాలు పెట్టుకుంది. మూడోదానికి చలించి మంత్రిగారు ఉన్నత స్థాయి సమావేశం ఏర్పాటు చేశారు. పరీక్ష మార్చడం తన వల్ల కాదని, రెండు లక్షల మంది రాస్తున్నారని పరీక్షల బోర్డు కార్యదర్శి చెప్పాడు. మ్యాచ్ మార్చడం కుదరదని, ముఖ్య అతిథికి ఆహ్వానం వెళ్లిపోయిందని పి.ఏ. చెప్పాడు. మంత్రిగారు కాసేపు కళ్లు మూసుకున్నారు. ఆయన ఆలోచిస్తున్నారనే అందరూ అనుకున్నారు.

"మధ్యలో ఇంటర్వెల్ ఉంటుంది కదా. అప్పుడు రాయించండి" అన్నారు కళ్లు తెరిచి.

ఇంటర్వెల్ పదిహేను నిమిషాలేనని, పరీక్ష మూడు గంటలని కార్యదర్శి వినయంగా గుర్తుచేశాడు. ప్రశ్నలెన్ని అని మంత్రిగారు అడిగారు. ముప్ఫై మూడు.

"పిల్లలెందరు?"

"పదకొండు మంది సార్."

"మరింకేం. మనిషికి మూడు" అన్నారు మంత్రిగారు. "టీమ్ స్పిరిట్ అంటే అదే కదయ్యా."

గదిలో అందరూ తలలూపారు. లెక్కల టీచర్ వేళ్ల మీద లెక్క చూసుకుంది. భాగహారం తప్పు లేదు. ఆవిడ ఏదో అనబోయేలోగా టీ వచ్చింది, దానితో సమావేశం ముగిసింది. సాయంత్రానికి తీర్మానం కాపీ ఇచ్చారు. అందులో ఇంటర్వెల్ ఊసు లేదు. "చదువుకూ ఆటకూ సమాన ప్రాధాన్యం ఇవ్వాలని, క్రీడాకారిణులు రెండు చోట్లా విధిగా హాజరు కావాలని నిర్ణయించడమైనది" అని ఉంది. కింద మంత్రిగారి సంతకం.

ఆ కాగితం టీచర్ రెండుసార్లు చదివింది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి, అచ్చయినది జరగదేమోనన్న అనుమానం ఆవిడకు కలిగింది.

ఫైనల్ నాటి పొద్దున క్లబ్బు హాస్టల్ ముందు బస్సు ఆగింది. ఒప్పందంలో స్పష్టంగా ఉంది, మ్యాచ్ ఎగ్గొడితే క్లబ్బు నుంచి తీసేస్తారు. ఒక్కొక్క పిల్లా తలవంచుకుని బస్సెక్కింది. పదిమందికీ ఇంటి దగ్గర ఆ జీతం కోసం చూసేవాళ్లున్నారు. తాళానికీ అమ్మమ్మ ఉంది. ఆమె మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగింది. తలుపు దగ్గర నిలబడ్డ కోచ్ ఆ పిల్ల మొహం చూశాడు. వెంటనే వంగి తన బూటు తాడు ముడి వేసుకోవడం మొదలుపెట్టాడు. చాలాసేపు వేసుకున్నాడు. ఆయన లేచేసరికి మెట్టు ఖాళీగా ఉంది.

వీధి మలుపులో టీచర్ స్కూటర్‌తో నిలబడి ఉంది. తాళం వస్తుందని ఆవిడకెవరూ చెప్పలేదు. వస్తే నడిచి రావలసి వస్తుందేమోనని ఆవిడ వచ్చింది, అంతే.

"అమ్మమ్మకు చెప్పావా?" అని అడిగింది, పిల్ల వెనక కూర్చున్నాక.

"చెప్పాను మేడమ్. ఇంకో రెండిళ్ల బట్టలు తీసుకుంటానంది."

మిగతా దారంతా టీచర్ సూత్రాలు అడుగుతూనే ఉంది, పిల్ల చెబుతూనే ఉంది. ట్రాఫిక్ లైటు దగ్గర పక్కనున్న ఆటో అతను కూడా విని, ఒకటి తప్పు చెప్పావమ్మా అన్నాడు. చూస్తే నిజంగానే తప్పు.

మ్యాచ్‌లో జట్టు ఏడు గోల్స్ తేడాతో ఓడిపోయింది. క్లబ్బు పాత జట్టులోని రెండో గోల్‌కీపర్‌ను ఆ పొద్దున్నే మంత్రిగారు ఏదో పెట్రోల్ బంకు ప్రారంభానికి పిలిపించారు కాబట్టి, గోల్‌లో డిఫెండర్ నిలబడింది. సాయంత్రం మంత్రిగారు విలేఖరుల ముందుకు వచ్చారు. ఆయన మొహంలో ఓటమి ఛాయ లేదు. ఈ రోజు, ఒకే సమయంలో, ఒకే జట్టు మైదానంలోనూ పరీక్ష హాలులోనూ ఉందని, ప్రపంచంలో ఏ జట్టూ ఈ ఘనత సాధించలేదని సగర్వంగా చెప్పారు. మర్నాడు, సమాన ప్రాధాన్య సూత్రాన్ని ఉల్లంఘించినందుకు గోల్‌కీపర్‌ను క్లబ్బు నుంచి తొలగిస్తున్నట్టు ఉత్తర్వు వచ్చింది.

ఫలితాలు వచ్చాయి. తాళం పాసయింది, లెక్కల్లో ఎనభై ఒకటి. మిగతా పదిమందికీ లెక్కలకు ఎదురుగా "గైర్హాజరు" అని ఉంది.

కథ అక్కడితో అయిపోయి ఉంటే మంత్రిగారి గొప్పతనం సగమే బయటపడేది. ఆయన పథకం కీర్తి అప్పటికే విదేశాలు చేరింది. ఉత్తమ విద్యా క్రీడా పథకానికి అవార్డు ఇవ్వడానికి ఒక ప్రతినిధి బృందం వస్తున్నామని రాసింది. వాళ్లకు రెండే కోరికలు. పరీక్ష పాసైన ఒక క్రీడాకారిణిని చూపించాలి. క్లాసులో పిల్లల హాజరు శాతం చెప్పాలి.

మర్నాడు పొద్దున్నే పి.ఏ. ఇస్త్రీ దుకాణం ముందు కారు దిగాడు. చేతిలో కొత్త జెర్సీ. ఒక్క రోజు వేసుకుని నిలబడితే చాలని తాళాన్ని బతిమాలాడు. అమ్మమ్మ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి ఆయన్ను ఎగాదిగా చూసింది. ఆయన చొక్కా కాలరు నలిగిందని చెప్పి మళ్లీ పనిలో పడింది.

తాళం కబురు పెడితే లెక్కల టీచర్ వచ్చింది. ఇద్దరూ లోపల కాసేపు మాట్లాడుకున్నారు. తరవాత తాళం బయటికి వచ్చి, తనకేమీ వద్దంది. వచ్చే నెల సప్లిమెంటరీ పరీక్షలున్నాయి, ఈ నెల రోజులూ పదిమందినీ ఏ ఫంక్షన్‌కూ పిలవకూడదు, ఇది కాగితం మీద రాసి మంత్రిగారు సంతకం పెట్టాలి, అంతే. పి.ఏ. ఇంతేనా అన్నట్టు ఊపిరి పీల్చుకున్నాడు. సాయంత్రానికి ఆర్డరు వచ్చింది. "సదరు పదిమంది క్రీడాకారిణులను పరీక్షల నిమిత్తం తక్షణమే రిలీవ్ చేయడమైనది." లెక్కల టీచర్ చదివి, సంతకం, ముద్ర, తేదీ చూసుకుని, బాగుందంది.

బృందం వచ్చిన రోజు పొద్దున మెట్ల కింద గదికి పదిమందీ వచ్చారు. పదిమందికీ పెన్నులున్నాయి. టీచర్ హాజరు పట్టీ తీసి పేర్లు పిలిచింది. ప్రతి పేరుకూ జవాబు వచ్చింది. ఈ గదికి వచ్చాక అలా జరగడం అదే మొదటిసారి. పైనుంచి పి.ఏ. పరిగెత్తుకొచ్చి హాజరు శాతం ఎంతని అడిగితే, నూటికి నూరు అని చెప్పింది. అందులో ఒక్క అబద్ధం లేదు.

మైదానంలో చప్పట్లు వినిపిస్తే టీచర్ బయటికి వచ్చి చూసింది. తాళం మధ్యలో నిలబడి ఉంది. ఆమెకు రెండు పక్కలా అవే జెర్సీలు వేసుకుని మరో పదిమంది అమ్మాయిలు. టీచర్ వాళ్లనెప్పుడూ చూడలేదు. అందరి జుట్లూ చక్కగా దువ్వి ఉన్నాయి. ఒకమ్మాయి బంతిని పుచ్చకాయలా చంకన పెట్టుకుంది. తాళం వాళ్లను కాక, దూరంగా మెట్ల కింది గది వైపు చూస్తోంది.

బృందం అవార్డిచ్చి వెళ్లిపోయాక హాస్టల్ వార్డెన్ కిందికి వచ్చి, గదులు ఎప్పుడు ఖాళీ చేస్తారని పిల్లల్ని అడిగింది. టీచర్ ఆర్డరు పట్టుకుని పి.ఏ. దగ్గరికి పరిగెత్తింది. నెల రోజులు ఫంక్షన్ల నుంచి రిలీవ్ చెయ్యమన్నాం గానీ, క్లబ్బు నుంచి కాదు కదండీ అంది.

"దేన్నుంచి అని మీరు రాయమనలేదు కదా మేడమ్" అన్నాడు పి.ఏ. ఎంతో మర్యాదగా. "ఇక వాళ్లను జన్మలో ఏ ఫంక్షన్‌కూ పిలవరు. మీరు కోరినదానికన్నా ఎక్కువే చేశాం."

ఆ వేళ ఆవిడ స్టేడియం మెట్ల మీద చాలాసేపు కూర్చుంది. తను చదివి, బాగుందని చెప్పిన కాగితం. తను స్వయంగా ఆ మాటతోనే రిలీవయి వచ్చి కూడా పోల్చుకోలేకపోయింది. తాళం వచ్చి పక్కన కూర్చుంది.  కాసేపటికి ఆ పిల్లే లేచి, "గది తాళాలు ఇచ్చెయ్యమంటారేమో మేడమ్. ఆలోగా నల్లబల్ల తీసుకెళ్లిపోదాం" అంది. నల్లబల్లను కోచ్, పిల్లలు మోశారు. ఓడినందుకు ఆయన్ను కూడా ఆ వారమే రిలీవ్ చేశారు.

నెల రోజులు టీచర్ పాత పాఠశాల వరండాలో క్లాసు నడిచింది. పదిమందీ సప్లిమెంటరీ రాశారు, పదిమందీ పాసయ్యారు. మార్కుల పత్రాలు పట్టుకుని మళ్లీ క్లబ్బులో చేర్చుకోమని వెళ్తే, రెండో దశ నిబంధనలు వేరని చెప్పి పంపేశారు. ఆ నిబంధనలు మంత్రిగారు స్వయంగా రూపొందించినవి. చదువుకూ ఆటకూ మధ్య ఘర్షణ రాకుండా, ఈసారి డిగ్రీ పూర్తయిన వాళ్లనే ఎంపిక చేశారు. ఎంపికైన వాళ్లు అవార్డు రోజు మైదానంలో నిలబడ్డ ఆ పదిమందే. ఇంతకుముందు ఫుట్‌బాల్ ఆడిన అనుభవం ఉన్నవాళ్లు కొత్త రిక్రూట్ల కిందికి రారు కాబట్టి అనర్హులు. "పదకొండుకు పదకొండు ఉత్తీర్ణత" అని ఊరంతా హోర్డింగులు వెలిశాయి. బొమ్మలో ఉన్నది కూడా ఆ కొత్త పదిమందే, మధ్యలో తాళం.

తాళం ఆటల టీచర్ శిక్షణకు దరఖాస్తు పెట్టుకుంది. సీటు వచ్చింది. మిగతావాళ్లు దొరికిన పనుల్లో చేరారు. అయినా రోజూ పొద్దున బడి గంట కొట్టకముందు పదకొండు మందీ ఆ పాఠశాల మైదానానికి వచ్చేవారు. కోచ్ ఈల వేసేవాడు. లెక్కల టీచర్ గోల్ వెనక నిలబడి బంతులు ఏరి ఇచ్చేది.

అలాంటి ఒక పొద్దున మైదానం పక్కన కారు ఆగింది. పి.ఏ. గడ్డి మీద బూట్లు తడవకుండా ఎత్తెత్తి అడుగులు వేస్తూ వచ్చి తాళం ముందు నిలబడ్డాడు. కొత్త జట్టు మొదటి మ్యాచ్ మధ్యాహ్నమేనని, టీవీవాళ్లు వస్తున్నారని, పిల్లలందరూ బాగా చదువుకున్నవాళ్లే కానీ కాస్త కంగారు పడుతున్నారని, ఒక్క గంట వచ్చి చెబితే చాలని అన్నాడు.

"ఏం చెప్పాలి సార్?" అంది తాళం.

"ఎక్కువేం వద్దమ్మా. బంతి ఏ గోల్‌లో కొట్టాలో చూపిస్తే చాలు."

"మొదటి సగం అయ్యాక గోల్ మారుతుంది సార్. అది కూడా చెప్పాలా?"

పి.ఏ. రెండు గోల్స్ వైపూ మార్చి మార్చి చూశాడు. తరవాత తలెత్తి సూర్యుడు ఎటున్నాడో చూసుకున్నాడు.

"వద్దులే అమ్మా. ఫొటోలో వెలుతురు ఎటు బాగా పడితే అటే కొట్టమను."